నాలుగు టికెట్లు, మూడు ఓటీపీలు, రెండు బల్లిగుడ్లు

మా ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌కి 5కి 2 స్టార్లు ఇస్తున్నాను. ఆ రెండూ కంపెనీవి కావు, నవంబరులో నిచ్చెన భుజాన వేసుకొచ్చిన కుర్రాడివి. కంపెనీకి విడిగా వేసే వీలుంటే ఏం వేసేదాన్నో చదివాక మీకే తెలుస్తుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. మా వీధిలోకి రెండు కంపెనీల వైర్లు వస్తాయి. రెండోదాని గురించి ఎదురింటావిడ చెప్పేదీ ఇంచుమించు ఇదే కథ. ఒకరి పేరు రాసి రెండోవాళ్లకి ఊరికే మంచిపేరు తెచ్చిపెట్టడం ఎందుకు?

నేను వీణ నేర్పిస్తాను. ఉండేది హైదరాబాదులో నాచారం, నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. ఒకప్పుడు పిల్లలు ఇంటికే వచ్చేవారు. 2020లో అందరిలాగే నేనూ జూమ్‌లో మొదలుపెట్టాను. ఆ తర్వాత మెట్లెక్కి వచ్చే పిల్లలు తగ్గారు, డాలస్ పిల్లలు, న్యూజెర్సీ పిల్లలు పెరిగారు. ఇప్పుడు తొమ్మిదిమంది. నేను పొద్దున్న ఆరింటికి వీణ ముందు కూర్చుంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఏడున్నర. అక్కడ అన్నాలు తినే వేళ, ఇక్కడ పాలవాడొచ్చే వేళ. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా ఇంట్లో నెట్ అంటే సినిమాలు చూసుకునే సరదా కాదు. పొయ్యిలో గ్యాస్ లాంటిది. ఆ గంట నెట్ లేకపోతే ఆ రోజు సంపాదన లేదు.

ప్లాన్ 100 ఎంబీపీఎస్‌ది, నెలకి 799. పైన 18 శాతం జీఎస్టీ. ఆరు నెలలకి ఒకేసారి కడితే రూటర్ ఉచితం అన్నారు. ఆగస్టు 9న 5,657 రూపాయలు కట్టేశాను. రెండు వారాలు తిరక్కుండానే ఎంత తొందరపడ్డానో తెలిసింది.

2025 ఆగస్టు 17 రాత్రి రామంతాపూర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. మాకు రామంతాపూర్ దూరమేమీ కాదు. ఆ తర్వాత ఊరంతా స్తంభాల మీద వేలాడే కేబుళ్లు కత్తిరించుకుంటూ వచ్చారు. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. మా వీధి మలుపులో స్తంభానికి వైర్లు గద్దగూడులా వేలాడేవి. బడిపిల్లలు వాటి కిందనుంచే తల వంచుకుని వెళ్లేవారు. కొయ్యాల్సిందే. మా ఇంటి వైరు కూడా వాటితోపాటే పోయింది. నాలుగు రోజులు నెట్ లేదు. మావారి ఫోను హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చాను. ఐదో రోజు సాయంత్రం చీకటి పడ్డాక ఇద్దరొచ్చి, సెల్‌ఫోన్ లైటు వెలుతుర్లో ఏదో కలిపి, "వచ్చేసిందమ్మా" అని కేకేసి వెళ్లిపోయారు.

వచ్చింది నిజమే. ఎలా వచ్చిందన్నదే ఈ రివ్యూ.

మొదట నేను నెట్‌ని అనుమానించలేదు, పిల్లని అనుమానించాను. డాలస్‌లో పదకొండేళ్ల పిల్ల, మూడేళ్లుగా నా దగ్గరే నేర్చుకుంటోంది. వర్ణం వాయిస్తోంది. గమకం అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తీగని లాగి జారడం కదా. ఆ జారుడు మధ్యలో రవ్వంత ముక్క ఎగిరిపోతే ఈ చివర నాకు వినపడేది వేరే స్వరం. "మళ్లీ వాయించమ్మా" అన్నాను. మళ్లీ వాయించింది. "ఊహూఁ, ధైవతం దగ్గర తొందరపడుతున్నావు" అన్నాను. మూడోసారికి ఆ పిల్ల మొహం ముడుచుకుపోయింది. అప్పుడు వాళ్లమ్మ వచ్చి, "టీచర్‌గారూ, ఫోన్లో రికార్డు చేసి పంపుతాను, ఒక్కసారి వినండి" అంది. వాట్సాప్‌లో పంపింది. విన్నాను. ధైవతం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. తాళం కూడా చెక్కుచెదరలేదు. ఆ పిల్లకి సారీ చెప్పి, క్లాసు ఆపేసి, కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. సెప్టెంబరు 1. అది మొదటి టికెట్, ఫిర్యాదుని వాళ్లు అలాగే అంటారు.

ఫోన్ ఎత్తడానికి ముందు పాట ఉంటుంది. అది మాత్రం ఒక్క ముక్క కూడా ఎగరకుండా వినపడుతుంది. ఎత్తాక ఒకమ్మాయి, "రూటర్ ఆఫ్ చేసి ముప్పై సెకన్లు ఆగి ఆన్ చెయ్యండి మేడమ్" అంది. చేశానమ్మా అంటే, "ఇంకోసారి చెయ్యండి" అంది. ఆ మాట కాగితం చూసి చదువుతోందని గొంతులోనే తెలుస్తుంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఆ కాగితం రాసినవాళ్లు ఎదురుపడితే మాత్రం రెండు ముక్కలు అడగాలని ఉంది.

మూడోతేదీ మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకబ్బాయి వచ్చాడు. రూటర్ పక్కన, అంటే దానికి జానెడు దూరంలో నిలబడి, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ నొక్కాడు. 96 వచ్చింది. ఫోటో తీసుకున్నాడు. "100 ప్లాన్‌కి 96 వస్తోంది మేడమ్, సూపర్‌గా ఉంది." బాబూ, నాకు పొద్దున్న ఆరింటికి రావడం లేదు అన్నాను. "ఇప్పుడొస్తోంది కదా మేడమ్" అన్నాడు. తర్వాత ఓటీపీ అడిగాడు. ఏం ఓటీపీ అంటే, మన ఫోన్‌కి ఒక నంబరు వస్తుందట, అది చెబితే టికెట్ క్లోజ్ అవుతుందట. ఇవాళే క్లోజ్ చెయ్యకపోతే తనకి ఫైన్ పడుతుందట. కుర్రాడు చెమటలు కక్కుతున్నాడు. మంచినీళ్లిచ్చి ఓటీపీ కూడా ఇచ్చాను. మీరెవరూ ఆ పని చెయ్యకండి. మంచినీళ్లివ్వండి, ఓటీపీ ఇవ్వకండి. అది చేతిలో ఉన్నంతసేపే మన మాట చెల్లుతుంది.

అతను గుమ్మం దాటేలోగా మెసేజ్: "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది."

మర్నాడు పొద్దున్న ఆరింటికి నేనూ అదే స్పీడ్ టెస్ట్ నొక్కాను. 9. ఆ పక్కరోజు 6. వాన పడిన ఒక తెల్లవారుజామున 3.8. క్యాలెండర్లో తేదీల పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ పోయాను. పాలలెక్క పక్కనే నెట్ లెక్క. ఎండెక్కిన తర్వాత ఎప్పుడు చూసినా 80 పైనే. వాళ్ల మనిషి వచ్చేది ఎప్పుడూ ఎండెక్కిన తర్వాతే. తమాషా ఏమిటంటే, మన దేశంలో 2023 నుంచి సెకనుకి 2 మెగాబిట్లు తగ్గకుండా ఉంటే చాలు, దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు. అంతకుముందు 512 కిలోబిట్లకే ఆ పేరుండేది. ఆ లెక్కన నా 3.8 కూడా నిక్షేపంలాంటి బ్రాడ్‌బ్యాండే.

పాతకాలం గుర్తొచ్చింది. ల్యాండ్‌లైన్ మీద బీఎస్ఎన్ఎల్ 500 రూపాయల ప్లాన్ ఉండేది, రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత వాడినా లెక్కలేదు. మావారు అలారం పెట్టుకుని లేచి పాత కచేరీలు డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవారు. అప్పుడు తెల్లవారుజామున మంచి నెట్ దొరికేది. ఇప్పుడు అదే వేళకి దొరకడం లేదు.

రెండో టికెట్ సెప్టెంబరు 15న. ఈసారి వచ్చినతను పెద్దవాడు, మాట తీరు బాగుంది. ఫోన్‌లో ఏదో యాప్ తెరిచి, మా చుట్టుపక్కల 23 వైఫైలు ఉన్నాయని చూపించాడు. ఈ వైఫైలు నడిచే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానళ్లు, అంటే దారులు, మూడేనట, 1, 6, 11. ఇరవై ముగ్గురూ ఆ మూడింట్లో ఇరుక్కుని తోసుకుంటున్నారని, ఛానల్ మారుస్తానని అన్నాడు. మాట నిజమే. ఆ మార్పుతో మా పడగ్గదిలో కొంచెం మెరుగైంది కూడా. కానీ మార్చే పనిలో రూటర్ మొత్తం రీసెట్ చేసేశాడు. వైఫై పేరు పోయింది, పాస్‌వర్డ్ పోయింది. టీవీ, నా ట్యాబ్, మావారి ఫోన్, గేటు దగ్గర కెమెరా, అన్నిటికీ మళ్లీ పెట్టుకునేసరికి సాయంత్రమైంది. ఓటీపీ ఇచ్చాను. అవును, మళ్లీ ఇచ్చాను. మాట తీరు బాగుందని చెప్పాను కదా.

మూడోదాని గురించి ఎక్కువ రాసేది లేదు. అక్టోబరు 8న ఫిర్యాదు చేస్తే పదకొండున వచ్చాడు. రూటర్ వైపు చూసి "ఇది సింగిల్ బ్యాండ్ మేడమ్, డ్యూయల్ బ్యాండ్ కొనండి, 2,200 అవుతుంది" అన్నాడు. ఆగస్టులో మీరిచ్చిందే కదయ్యా అంటే, "అది ఫ్రీ రూటర్ మేడమ్" అన్నాడు. అదే సాయంత్రం కంపెనీ నుంచి ఇంకో ఫోన్, "మీరు స్లో అని కంప్లయింట్ ఇచ్చారు కదా, 200 ప్లాన్‌కి అప్‌గ్రేడ్ అవుతారా?" అని. కుళాయిలో నీళ్లు రావడం లేదంటే పెద్ద బిందె అమ్ముతామన్నట్టుంది. మావారు ఆ 2,200 పారేస్తే పోతుంది కదా అని కార్డు తీశారు కూడా. దీపావళికి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వస్తున్నాడు, వాణ్ని అడిగి కొందాం అని ఆపాను.

పండగ మర్నాడు పొద్దున్న ఆరింటికి హాల్లో పడుకున్నవాడు నా కేకలకి లేచాడు. "వినపడుతోందా? వినపడుతోందా నాన్నా?" అని నేను ట్యాబ్‌తో మొరపెట్టుకుంటున్నాను. కళ్లు నులుముకుంటూ వచ్చి, "పిన్నీ, ముందు వైఫై సంగతి వదిలెయ్. తిన్నగా వైరు పెట్టి చూద్దాం" అన్నాడు. తన ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో రూటర్‌కి తగిలించాడు. నల్లటి కిటికీ ఒకటి తెరిచి పింగ్ అని కొట్టాడు. పింగ్ అంటే అవతలి కంప్యూటర్‌ని "ఉన్నావా?" అని పలకరించడం, అది "ఉన్నా" అనడం, ఆ రాకపోకలకి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టడం. మొదట మా రూటర్‌నే వందసార్లు పలకరించాడు. వందకి వందా తిరిగొచ్చాయి. తర్వాత నాలుగు ఎనిమిదుల అడ్రసు, అది గూగుల్ వాళ్లదట, దాన్ని వందసార్లు పలకరించాడు. 86 తిరిగొచ్చాయి. 14 ఎటుపోయాయో పోయాయి.

"చూశావా, నీ ఇంట్లో ఏ లోపమూ లేదు. రూటర్ దాటాకే పోతున్నాయి. 2,200 పెట్టి రూటర్ కొంటే కొత్త రూటర్ నుంచి కూడా ఇవే 14 పోతాయి."

ఈ ఒక్క పరీక్ష సెప్టెంబరులో వచ్చినతను చేసి ఉంటే ఈ రివ్యూయే లేదు. ఐదు నిమిషాల పని.

ఇంకో సంగతి కూడా వాడు చెబితేనే తెలిసింది. ఫైలు డౌన్‌లోడ్ చేసేటప్పుడు మధ్యలో ముక్క పోతే కంప్యూటర్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. నా క్లాసులో అలా కుదరదు. పోయిన స్వరాన్ని రెండు సెకన్ల తర్వాత తెచ్చిస్తే ఏం చేసుకోను? అందుకని జూమ్ దాన్ని వదిలేసి ముందుకెళ్లిపోతుంది. వీడియో క్లాసుకి కావాల్సిన స్పీడు మూడు నాలుగు ఎంబీపీఎస్‌లే, అవి ముక్కలు పోకుండా రావాలి, అంతే. నేను ఇన్నాళ్లూ "స్లో, స్లో" అని ఫోన్ చేశాను, వాళ్లు ఇన్నాళ్లూ స్పీడ్ ఫోటో తీసుకుని వెళ్లారు. "ప్యాకెట్ లాస్", అంటే ముక్కలు పోతున్నాయి, అని అడగాల్సిందట.

తర్వాత వాడు రూటర్ లోపలి పేజీ తెరిచాడు. రూటర్ వెనక స్టిక్కర్ మీద అడ్రసు, పాస్‌వర్డ్ ఉంటాయి, ఎవరైనా తెరవొచ్చు. అందులో ఆప్టికల్ పవర్ అని ఒక గడి. ఈ నెట్ వచ్చేది సన్నటి గాజుతీగలో వెలుతురుగా. మా ఇంటికి వచ్చే వెలుతురు ఎంతో అది చెబుతుంది. మైనస్ 28.6 అని ఉంది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతున్నట్టు లెక్క. 3 తగ్గితే వెలుతురు సగమైపోయినట్టే. మామూలుగా ఈ పెట్టెలు మైనస్ 27 దాకా నమ్మకంగా చదవగలవట, ఆ పైన చీకట్లో పేపరు చదివినట్టే. నెట్ పూర్తిగా పోతే రూటర్ మీద ఎర్రలైటు వెలుగుతుంది, అప్పుడు ఎవరైనా పరిగెత్తుకొస్తారు. మాది పూర్తిగా పోయే రకం కాదు, మూలుగుతూ బతికే రకం. దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు.

ఇక్కడినుంచి చెప్పేది అందరికీ పనికొస్తుంది. ఈ కంపెనీలన్నిటి మీదా ఉండే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి మనం నేరుగా ఫిర్యాదు చేస్తే అది తీసుకోదు. కానీ అది పెట్టిన 2012 నాటి నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని ఒకటి ఉండాలి. కస్టమర్ కేర్ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా అక్కడ అప్పీలు చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. 39 రోజుల్లో వాళ్లు తేల్చాలి. ఫిర్యాదుకి ఇచ్చిన డాకెట్ నంబరు మాత్రం దగ్గరుండాలి. మా కంపెనీ వెబ్‌సైట్లో ఆ అడ్రసు అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఫిర్యాదు ఎక్కడ చెయ్యాలో చిన్నగానూ, ఆఫర్లు పెద్దగానూ రాసే సంస్థల్లో ఇదొకటి. అది కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాకు అంతదాకా అవసరం రాలేదు.

అక్టోబరు 27న మెయిల్ పెట్టాను. తిట్లు రాయలేదు, అక్క కొడుకు రాయనివ్వలేదు. మూడు టికెట్ల నంబర్లు, క్యాలెండర్ ఫోటో, వందకి 86 వచ్చిన పింగ్ ఫోటో, మైనస్ 28.6 ఫోటో. అంతే. ఆ వెంటనే మొంథా తుఫాను వానలు. రెండు రోజులు క్లాసులే లేవు. నవంబరు 3న ఎవరో పెద్దాయన ఫోన్ చేశారు. మొదటిసారిగా రూటర్ ఆఫ్ చేసి ఆన్ చెయ్యమనని మనిషి! "మైనస్ 28 అంటే లైన్ మార్చాలమ్మా" అన్నారు. రెండు నెలల్లో ఎవ్వరూ అనని మాట ఒక్క ఫోటో చూసి అన్నారు. నాలుగో టికెట్ ఆయనే వేశారు.

కార్తీక పౌర్ణమి మర్నాడు, పొద్దున్న తొమ్మిదికి వచ్చాడా కుర్రాడు. భుజాన నిచ్చెన, చేతిలో పసుపురంగు పెట్టె. వచ్చీరాగానే రూటర్ వెనక వైరు పీకి, అరచేతిలో పట్టే చిన్న మీటరుకి పెట్టాడు. స్పీడ్ టెస్ట్ లేదు, ఫోటో లేదు. మీటరు చూసి, "ఇట్లయితే ఎట్ల నడుస్తదమ్మా?" అని నన్నే అడిగాడు. నడవడం లేదనే కదా బాబూ మొత్తుకుంటున్నాను.

తర్వాత వీధి మలుపులో స్తంభం దగ్గర పెట్టె తెరిచి అక్కడ కొలిచాడు. మైనస్ 19.8. అంటే కంపెనీ నుంచి మా వీధిదాకా అంతా సవ్యంగానే వస్తోంది. ఆ పెట్టెకీ మా ఇంటికీ మధ్య అరవై మీటర్లలో దాదాపు 9 మాయమైపోతోంది. మంచి ఫైబర్ తీగలో కిలోమీటరు పోయినా అర పాయింటు తగ్గదట. అరవై మీటర్లకి 9!

దొంగ ఎక్కడ దొరికాడంటే, మొదటివాడు ప్రహరీగోడ మీద. ఆగస్టులో చీకట్లో కలిపిన జాయింటు అది, నల్లటేపు బొటనవేలంత లావున చుట్టి ఉంది. కత్తితో కోసి విప్పాడు. టేపులోంచి నాలుగు చుక్కలు నీళ్లు కారాయి. లోపల రెండు ప్లాస్టిక్ మొనలు, ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది, ఒకదాంట్లో ఒకటి గుచ్చి ఉన్నాయి. ఆ అబ్బాయి నెత్తి కొట్టుకున్నాడు. పచ్చదాని కొస 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుందట, నీలందాని కొస తిన్నగా ఉంటుందట. పచ్చకి పచ్చ, నీలానికి నీలం, అదే పద్ధతి. రెండూ కలిపితే గాజుకి గాజు తాకదు, మధ్య సందులో వెలుతురు చెదిరిపోతుంది. పైగా ఆ సందులోకి మంచు, వాన. ఎండకి ఆరితే ఫరవాలేదు, తెల్లారేసరికి మళ్లీ చెమ్మ. నా క్యాలెండర్లో పెన్సిల్ లెక్కకి అర్థం అప్పుడు తెలిసింది.

రెండోవాడు డాబా మీద. నీళ్లట్యాంకు గోడకి చిన్న తెల్లపెట్టె ఉంది. కుర్రాడు ఇంట్లో వైరు చివర పెన్నులాంటిది పెట్టి వచ్చాడు, అందులోంచి ఎర్రటి వెలుతురు పోతుంది. పెట్టె మూత తీశాడు. లోపల మూలన రెండు బల్లిగుడ్లు, పిప్పరమెంట్లలా. వాటి పక్కనే గాజు పోగు చిటికెనవేలి చుట్టుకంటే చిన్నగా మెలికపడి ఉంది. ఆ మెలిక దగ్గర సరిగ్గా, ఎర్రటి చుక్క. పొద్దున్న ఎండలో కూడా కనపడింది. చెయ్యి అడ్డం పెట్టి నీడ చేస్తే కుంకుమబొట్టులా వెలిగింది. అలా బయటికి వెలుగు కనపడిందంటే అక్కడ తీగలోంచి వెలుతురు కారిపోతున్నట్టే. రెండు నెలలుగా నా పిల్లల స్వరాలు కొన్ని అక్కడ, ట్యాంకు గోడ మీద, బల్లిగుడ్లకి వినపడుతున్నాయన్నమాట.

మెలిక విప్పి, టేపు జాయింటు కొత్తగా వేస్తే సరిపోతుందా అని అడిగాను. "జాయింటు మీద జాయింటు ఎందుకమ్మా, మొత్తం ఒకటే వైరు గుంజుత" అన్నాడు. ఈ మాటకే అతనికి స్టార్లు. వీణ మీద తీగ తెగితే ముడేసి బిగించం. బిగించినా ఆ ముడి దగ్గర పలకదు. నాకు చెప్పక్కర్లేకుండా అర్థమయ్యే మాట అది, ఆ ముక్క చెప్పడానికి నాలుగో మనిషి రావాల్సి వచ్చింది.

కొత్త వైరు లాగడానికి గంటన్నర పట్టింది. మా వాచ్‌మన్ సాయం పట్టాడు. తర్వాత డాబా మీదే, నీడన కూర్చుని ఆ పసుపుపెట్టె తెరిచాడు. నేను కాఫీ ఇచ్చే నెపంతో పక్కనే కూర్చున్నాను. పైతొడుగు వలిచాడు, లోపలి పోగుని స్పిరిట్‌తో తుడిచాడు. గాజుపోగు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం, వెంట్రుక లాంటిది. చిన్న కత్తెరపీటలో పెట్టి టక్‌మని కోశాడు. అలాంటివి రెండు కొసలు మిషన్లో ఎదురెదురుగా పెట్టి మూత వేస్తే, దాని తెర మీద రెండు లావుపాటి దుంగల్లా కనపడ్డాయి. వాటంతటవే జరుగుతూ వచ్చి ఎదురెదురుగా నిలబడ్డాయి. ఒక్క మెరుపు. రెండు దుంగలు ఒకటైపోయాయి, అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. తెర మీద 0.02 అని చూపించింది. ఈ అతుకులో పోయేది అంతేనట. మిషన్ ఖరీదు ఎంత బాబూ అంటే, తమ కాంట్రాక్టర్ దగ్గర ఇలాంటిది ఒక్కటే ఉందని, అది ఎవరికి దొరికితే వాళ్లు ఆ రోజు జాయింట్లు వేస్తారని చెప్పాడు. మిగతావాళ్లకి టేపే గతి. ఈ ముందు వచ్చిన ముగ్గురికీ మీటరు కూడా ఇచ్చినట్టు లేరు. టికెట్‌కి ఇంతని లెక్క, నాలుగు ఇళ్లు తిరిగినా ఒక ఇంట్లో నాలుగు గంటలు కూర్చున్నా ఒకటేనట. ఇక ఎవరు కూర్చుంటారు? ముగ్గురి మీదా నాకున్న కోపం చాలావరకు అక్కడే పోయింది. ఆ కోపమంతా ఇప్పుడు పైకి వెళ్లి కంపెనీ మీద ఉంది.

ఇంట్లో కొలిస్తే మైనస్ 20.4. అంటే మునుపటికంటే ఆరు రెట్లకి పైగా వెలుతురు. ఓటీపీ అడుగుతాడేమో అని ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. "రెండు రోజులు చూసుకోని ఇయ్యుండ్రి అమ్మా, మంచిగుంటేనే" అన్నాడు. బల్లిగుడ్లని ఆకు మీద జాగ్రత్తగా తీసి ట్యాంకు కింద సందులో పెట్టి వెళ్లాడు. పాపమో పుణ్యమో అదీ చెబుదామని రాశాను.

మర్నాడు పొద్దున్న ఆరింటికి క్లాసు. అప్పటికి అమెరికాలో గడియారాలు వెనక్కి తిప్పుకున్నారు, డాలస్‌లో ఆరున్నర. పిల్ల అదే వర్ణం వాయించింది. ధైవతం దగ్గర లాగింది, జారింది, ఆగింది. అంతా వినపడింది. ఎంత బాగా వినపడిందంటే, చరణంలో రెండో కాలానికి నిజంగానే తొందరపడుతోందని తెలిసింది. చెప్పాను. ఈసారి వాళ్లమ్మ రికార్డు పంపలేదు.

మిగతా వివరాలు, కనెక్షన్ తీసుకుందామనుకునేవాళ్ల కోసం. ఇవాళ్టికి ఆరు వారాలైంది, పింగ్ వందకి వందా వస్తున్నాయి, మైనస్ 20 దగ్గరే నిలకడగా ఉంది. ఆదివారం ఆదివారం చూస్తున్నాను, బీపీ చూసుకున్నట్టు. ధర మాట కొస్తే మా ఏరియాలో ఇది ఎక్కువేమీ కాదు. పోయిన రోజులకి ఏమైనా తగ్గించమని అడిగితే మొదట కుదరదన్నారు, అప్పీలు నంబరు చెప్పాక పది రోజులు కలిపారు. యాప్‌లో చాట్ ఉంటుంది, అది మనిషి కాదు, దానితో మాట్లాడి ప్రయోజనం లేదు. ఉచిత రూటర్ ఉచితంగానే పనిచేస్తుంది, హాలు దాటాక సిగ్నల్ ఉండదు.

కింది ఫ్లాట్‌లోకి కొత్తగా దిగినవాళ్లు ఈ కనెక్షన్ తీసుకోవచ్చా అని నిన్న అడిగారు. తీసుకోండి, కానీ వైరు వేసే రోజు ఆఫీసుకి సెలవు పెట్టండి అన్నాను. స్తంభం నుంచి మీ రూటర్ దాకా ఒకే వైరు ఉండాలి, మధ్యలో టేపు కనపడితే ఒప్పుకోవద్దు, మీటరు పెట్టి అంకె చూపించమనండి, అది కాగితం మీద రాసుకోండి, ఆ తర్వాతే ఓటీపీ.

నా నాలుగో ఓటీపీ ఇవ్వనే లేదు. రెండు రోజులయ్యాక ఇద్దామని చూస్తే అడిగినవాళ్లు లేరు. అంతకుముందే మెసేజ్ వచ్చి ఉంది, "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని. టైము చూస్తే ఆ కుర్రాడు ఇంకా ప్రహరీగోడ మీద టేపు విప్పుతున్న వేళది.